మొదటి టెలిస్కోపు, రెండు వందల పేజీల నోట్‌బుక్కు

క్లబ్ మీటింగులో ఒకసారి గురుగ్రహం గురించి పది నిమిషాలు మాట్లాడాను. అప్పట్నుంచి క్యాంటీన్లో, ల్యాబ్ బయట, బస్సులో ఎవరో ఒకరు ఆపి అడుగుతూనే ఉన్నారు: "ఏ టెలిస్కోపు కొనాలి? ఎంత పెడితే మంచిది వస్తుంది?" నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట. నేను ఖగోళశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు, మీలాగే సర్క్యూట్లు చదువుకుంటున్నదాన్ని. కాకపోతే ఈ విషయంలో మీరు చెయ్యబోయే తప్పు నేను ముందే చేసేశాను. దాని గురించి మాత్రం గట్టిగానే చెప్పగలను.

ఐదు వందల ఇరవై ఐదు రెట్లు

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఆ సాయంత్రం మా గాజువాక ఇంట్లో టీవీ ముందు అందరం చప్పట్లు కొట్టాం. ఆ ఊపులోనే నాన్నని టెలిస్కోపు అడిగాను. నాన్న స్టీల్ ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేస్తారు. ఇంట్లో డబ్బులు చేతినిండా ఆడుతున్న రోజులు కావవి. అయినా రెండు రోజులు ఆలోచించి ఆరు వేల ఐదు వందలు నా చేతిలో పెట్టారు.

ఆన్‌లైన్లో వెతికాను. ఒక డబ్బా మీద పెద్ద అక్షరాలతో "525 రెట్లు పెద్దదిగా చూపును" అని ఉంది. పక్కన రంగురంగుల శనిగ్రహం బొమ్మ. ఇంకేం కావాలి? కొనేశాను.

వర్షాకాలం కదా, మూడు వారాలు మబ్బే. సెప్టెంబరు చివర్లో ఒక రాత్రి ఆకాశం తెరిపిచ్చింది. నాన్న బి షిఫ్ట్ దిగి పదిన్నరకి ఇంటికొచ్చారు. స్నానం కూడా చెయ్యకుండా డాబా మీదకి లాక్కెళ్లాను. శని దక్షిణం వైపు మెరుస్తున్నాడు. అన్నిటికంటే ఎక్కువ పెద్దది చేసే కటకం పెట్టి, దాని మీద ఇంకో కటకం తగిలించి, అరగంట తంటాలు పడ్డాను. ఒక మసక మరక వచ్చింది, వణికింది, పోయింది. "చూడు నాన్నా, తొందరగా చూడు" అన్నాను. నాన్న వంగి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు.

"బాగుందమ్మా. బాగుంది" అన్నారు.

మర్నాడు వంటింట్లో అమ్మ అంది: "మీ నాన్నకి ఏటీ అవుపళ్లేదంట. నువ్వు బాధపడతావని సెప్పలేదు."

ఆ రోజే టెలిస్కోపుని డబ్బాలో పెట్టి బీరువా మీదకి ఎక్కించేశాను. ఏడాది పైన అది అక్కడే ఉంది. పైసలు పోయినందుకు కాదు, నాన్న చేత అబద్ధం చెప్పించినందుకు దాని వంక చూడబుద్ధి కాలేదు.

డాబాగార్డెన్స్‌లో వేధశాల

దాన్ని మళ్లీ దింపించింది మన క్లబ్బే. 2024 డిసెంబరులో "మన ఊరు – మన సైన్సు" అనే గోడపత్రికకి ఒక పేజీ రాయమన్నారు. ఏం రాయాలా అని లైబ్రరీలో వెతుకుతుంటే ఒక సంగతి దొరికింది. మనం సినిమాలకీ షాపింగులకీ తిరిగే డాబాగార్డెన్స్‌లో 1840లోనే ఒక ఖగోళ వేధశాల ఉండేదట. ప్రభుత్వానిది కాదు. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత డబ్బుతో, సొంత స్థలంలో కట్టుకున్నది. ఆయన అంతకుముందు మద్రాసు వెళ్లి, అక్కడి వేధశాల అధిపతి టి. జి. టేలర్ దగ్గర ఈ విద్య నేర్చుకున్నారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని అందుకున్నారు. మామా అల్లుళ్ల తరాలు కలిపి ఆ వేధశాల యాభై ఏళ్లకు పైగా నడిచింది. నక్షత్రాలు చూడటం ఒక్కటే కాదు, రోజువారీ వాతావరణం రాసిపెట్టడం, ఊరికి సరైన టైము తెలియజెయ్యడం కూడా అక్కడి పనులే. రేవు పట్నంలో సరైన టైము అంటే చిన్న విషయం కాదు. ఓడలో గడియారం తప్పితే నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్క తప్పుతుంది.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా ఒక నల్లచుక్కలా దాటాడు. ప్రపంచంలో చాలా దేశాలు ఆ ఒక్క రోజు కోసం ఓడల్లో బృందాలని పంపాయి. శుక్రుడు సూర్యుడి అంచుని తాకిన క్షణం ఒక్కో చోట ఒక్కో సమయానికి పడుతుంది. ఆ తేడాలని పోల్చి సూర్యుడు మనకి ఎంత దూరంలో ఉన్నాడో లెక్కకట్టవచ్చు. విశాఖలో నరసింగరావు కూడా ఆ సంఘటనని పరిశీలించి, తను చూసింది లండన్లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి రాసి పంపారు. ఆయన ఆ సొసైటీ ఫెలో కూడా.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ రోజు సూర్యుడి మీద ఆ నల్లచుక్కని ఎంతమంది చూసి ఉంటారు? వాళ్లలో మనకి ఎవరు గుర్తున్నారు? టైము చూసి రాసినవాళ్లు. శుక్రుడు అలా దాటడం 2004లో, 2012లో మళ్లీ జరిగింది. ఇక 2117 దాకా లేదు. చూసింది కాగితం మీద పెట్టకపోతే అంతే సంగతులు.

గోడపత్రికకి పేజీ రాసిచ్చి ఇంటికొచ్చి, స్టూలు వేసుకుని బీరువా మీంచి డబ్బా దింపాను.

తప్పు ఎక్కడ జరిగింది: లెక్క

మనం ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి లెక్క చేద్దాం. టెలిస్కోపు మీద రెండు అంకెలు ఉంటాయి. నా దాని మీద 60, 700 అని ఉన్నాయి. మొదటిది ముందుండే కటకం వ్యాసం, 60 మిల్లీమీటర్లు. రెండోది దాని నాభ్యంతరం, 700 మిల్లీమీటర్లు. కన్ను పెట్టే చోట మార్చుకునే చిన్న కటకాన్ని ఐపీస్ అంటారు. ఎన్ని రెట్లు పెద్దదవుతుందో తెలియాలంటే టెలిస్కోపు నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగించాలి. అంతే.

20 మి.మీ. ఐపీస్ పెడితే 700/20, అంటే 35 రెట్లు. 4 మి.మీ. పెడితే 175. దానికి మూడు రెట్లు చేసే బార్లో లెన్స్ తగిలిస్తే 525. డబ్బా మీద అబద్ధం ఏమీ రాయలేదు. పనికొస్తుందని మాత్రం రాయలేదు.

టెలిస్కోపు చేసే అసలు పని పెద్దది చెయ్యడం కాదు, వెలుతురు పోగుచెయ్యడం. చీకట్లో మన కంటిపాప మహా అయితే 7 మి.మీ. తెరుచుకుంటుంది. 60 మి.మీ. కటకం వైశాల్యం దానికి 73 రెట్లు. పోగైన ఆ కాస్త వెలుతురునే మనం పరుచుకోవాలి. 35 రెట్ల నుంచి 525కి వెళ్లడమంటే బొమ్మని పొడవులో 15 రెట్లు, వైశాల్యంలో 225 రెట్లు సాగదియ్యడం. అంటే వెలుగు 225వ వంతుకి పలచబడుతుంది. గరిటెడు పిండితో పెనమంత అట్టు వెయ్యొచ్చు గానీ, వీధంత అట్టు వెయ్యలేం కదా.

ఒక మోటు లెక్క గుర్తుపెట్టుకోండి. కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాటి పెద్దది చేస్తే లాభం లేదు. నా దానికి హద్దు 120. అది కూడా గాలి నిలకడగా ఉన్న రాత్రి.

ఇంకో లెక్క కూడా ఉంది. భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఆకాశం గంటకి 15 డిగ్రీలు జరుగుతుంది. 35 రెట్ల దగ్గర టెలిస్కోపులో కనిపించే ముక్క డిగ్రీ పైనే ఉంటుంది, అందులో పెట్టిన గ్రహం ఐదు నిమిషాల దాకా కనిపిస్తుంది. 525 దగ్గర ఆ ముక్క డిగ్రీలో పదో వంతు కూడా ఉండదు. అరనిమిషం తిరక్కుండానే గ్రహం బయటికి పోతుంది. ఆ రాత్రి నేను పక్కకి జరిగి, నాన్న వంగి, కళ్లజోడు తీసి కన్ను ఆనించేలోపు శని వెళ్లిపోయాడు. నాన్న చూసింది ఉత్త చీకటి.

కొనే ముందు

ముందు ఒక నెల ఏమీ కొనకండి. ఫోన్లో స్టెల్లేరియం లాంటి ఉచిత యాప్ పెట్టుకుని, రోజూ పది నిమిషాలు డాబా ఎక్కి పేర్లు నేర్చుకోండి. పేర్లు మనకి కొత్తవేం కావు. పంచాంగంలో ఉన్నవే. రోహిణి, ఆర్ద్ర, మఖ, చిత్త, స్వాతి, జ్యేష్ఠ, వీటిల్లో చాలా మటుకు ఊరి వెలుతురులో కూడా కనిపించే ప్రకాశమైన చుక్కలే. మా అమ్మమ్మ పిల్లలకోడి అని చూపించే చుక్కల గుంపే కృత్తిక.

చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు, అందువల్ల ధ్రువనక్షత్రం ఉత్తరాన రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. ఒకసారి కొలిచి చూడండి. పిడికిలితో మీ ఊరి అక్షాంశం మీరే కనుక్కున్నట్టు.

తర్వాత వీలైతే ఎవరి దగ్గరైనా బైనాక్యులర్స్ అడిగి తెచ్చుకోండి. 10x50 అని ఉంటే పది రెట్లు, 50 మి.మీ. కటకాలు అని అర్థం. చంద్రుడి మీద గుంటలు, పిల్లలకోడిలో కంటికి ఆనని పిల్లలు దానిలోనే కనిపిస్తాయి. అది చూసి మనసు ఆగకపోతే అప్పుడు టెలిస్కోపు సంగతి.

కొనేటప్పుడు మూడే చూడండి. ఒకటి, వ్యాసం ఎంత. 130 మి.మీ. అద్దం ఉన్న టెలిస్కోపు నా దానికంటే నాలుగున్నర రెట్లు పైగా వెలుతురు పడుతుంది. రెండు, స్టాండు కదలకుండా నిలబడుతుందా. సన్నకాళ్ల స్టాండు మీద ఎంత మంచి కటకమైనా వణుకుతుంది. ఈ రెంటికీ డబ్బు సరిపోవాలంటే డాబ్సోనియన్ రకం మంచిది. చెక్కపెట్టెలో కూర్చున్న అద్దపు టెలిస్కోపు అది, ఫిరంగిలా చేత్తో తిప్పుకోవడమే. అమెరికాలో జాన్ డాబ్సన్ అనే ఆయన దాన్ని జనంలోకి తెచ్చారు. రామకృష్ణ మఠం సంప్రదాయంలో సన్యాసిగా ఉండి, పారేసిన సామాన్లతో టెలిస్కోపులు చేసి, శాన్ ఫ్రాన్సిస్కో కాలిబాటల మీద దారినపోయే వాళ్లకి చంద్రుణ్ణి చూపించారాయన. మూడోది, ఎన్ని రెట్లు అన్న అంకెని పెద్దగా అచ్చేసిన డబ్బా అయితే పక్కన పెట్టెయ్యండి.

ఇప్పటికే నాలాగా చిన్నది కొనేసి ఉంటే? పారెయ్యకండి. కింద చెప్పేవన్నీ దాంతోనే చేశాను.

మన ఊరి ఆకాశం

మా డాబా మీంచి చూస్తే ఒక పక్క ప్లాంటు వెలుగు, ఇంకో పక్క పోర్టు దీపాలు. పాలపుంత కనిపించే ఆశ లేదు. కానీ చంద్రుడికీ గ్రహాలకీ ఊరి వెలుతురుతో పేచీ లేదు, గాజువాక సెంటర్లో నిలబడినా కనిపిస్తాయి. నెబ్యులాలు, గెలాక్సీలు కావాలంటే అరకు వైపు వెళ్లాలి. లంబసింగి అంటారేమో, చలికాలం అక్కడి పొగమంచు ఫోటోలకి మంచిదే గానీ చుక్కలకి కాదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బుల మీద ఆశ పెట్టుకోకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకి పంటకాలం. భోగి ముందు వెనకలు మాత్రం మంటల పొగ ఉంటుంది.

తేమ మన అసలు శత్రువు. ఏసీ గదిలోంచి టెలిస్కోపు తెచ్చి డాబా మీద పెడితే కటకం నిమిషంలో చెమర్చుతుంది. గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. అరగంట ముందే బయట పెట్టి అలవాటు పడనివ్వండి. చూడటం అయ్యాక తడి ఆరకుండా మూత బిగిస్తే లోపల బూజు పడుతుంది. సముద్రం పక్క ఊళ్లో ఇది తప్పనిసరి జాగ్రత్త. డబ్బాలో నాలుగు సిలికాజెల్ పొట్లాలు వేసి పెట్టండి, కొత్త చెప్పుల పెట్టెల్లో దొరికేవే.

పగలంతా ఎండకి కాగిన స్లాబు రాత్రి చాలాసేపటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ వేడిగాలిలోంచి చూస్తే గ్రహం నీళ్లలో రూపాయి బిళ్లలా ఊగుతుంది. పది దాటాక చూడండి, లేదా సాయంత్రం ఓ రెండు బకెట్ల నీళ్లు చల్లండి.

మొదటి రాత్రికి ముందు పగటి పని

టెలిస్కోపు మీద ఒక బుల్లి దుర్భిణి ఉంటుంది, గురి చూసుకోవడానికి. రెండూ ఒకే చోటికి చూస్తున్నాయో లేదో పగలే సరిచెయ్యాలి. కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవరో వాటర్ ట్యాంకో పెద్ద టెలిస్కోపు మధ్యలోకి తెచ్చుకుని, బుల్లి దుర్భిణి మరలు తిప్పుతూ దాని గీతల మధ్యకి కూడా అదే వచ్చేలా చెయ్యండి. బొమ్మ తలకిందులుగానో ఎడమకుడిగానో కనిపిస్తే భయపడకండి, దాని తీరే అంత. నేవీ స్థావరం వైపు, ఓడల వైపు మాత్రం తిప్పకండి. మన ఊళ్లో అది సరదా కాదు.

సూర్యుడి వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. 60 మి.మీ. కటకంలోంచి సూర్యుణ్ణి క్షణం చూస్తే కన్ను శాశ్వతంగా పోవచ్చు. కొన్ని డబ్బాల్లో ఐపీస్‌కి బిగించే నల్ల సన్ ఫిల్టర్ వస్తుంది. వేడికి అది పగులుతుంది. దాన్ని విరిచి చెత్తబుట్టలో వెయ్యండి. సూర్యుణ్ణి చూడాలంటే టెలిస్కోపు ముందువైపు మొత్తాన్ని కప్పే సరైన ఫిల్టర్ ఉండాలి, పక్కన తెలిసినవాళ్లు ఉండాలి.

వణుకుడికి నేను చేసిన మందు ఇది. స్టాండు కాళ్లు పొడుగు లాగకుండా పొట్టిగానే ఉంచి, మధ్యలో రెండు లీటర్ల నీళ్ల సీసా వేలాడదీశాను. సగం వణుకు పోయింది. కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తే మిగతా సగం కూడా తగ్గుతుంది, ఎందుకంటే అది మన వణుకే.

ఏం చూడాలి

మొదట చంద్రుడు. పున్నమినాడు కాదు, అష్టమి అటూ ఇటూ. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల నీడలు పొడుగ్గా పడి లోతు తెలుస్తుంది. పున్నమికి నీడలు లేక అంతా సున్నం కొట్టిన గోడలా ఉంటుంది.

చలికాలం మృగశిర వేటగాడి నడుముకి మూడు చుక్కల పట్టీ, కింద వేలాడే కత్తి. ఆ కత్తి మధ్యలో ఉన్న మసకే ఒరాయన్ నెబ్యులా, కొత్త నక్షత్రాలు పుడుతున్న చోటు. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదికి దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తులో అగస్త్యుడు. మే నెల మధ్యలో రాత్రి పదింటికి, దక్షిణాన రెండున్నర పిడికిళ్ల ఎత్తులో ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల ముద్ద. లండన్‌లో ఎంత ఖరీదైన టెలిస్కోపు ఉన్నా ఇది కనపడదు, అక్కడ ఉదయించనే ఉదయించదు. మన అక్షాంశం మనకిచ్చిన కట్నం అది.

శని వలయాలు 2025 మార్చిలో మనకి సరిగ్గా అంచు తిప్పి గీతలా అయిపోయాయి. ఇప్పుడు మళ్లీ ఏడాదికేడాది తెరుచుకుంటున్నాయి. చిన్న టెలిస్కోపు ఉన్నవాళ్లకి ఇక వచ్చే ఏళ్లన్నీ మంచివే.

అన్నిటికంటే ముందు నేను చెప్పేది గురుడు. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

నోట్‌బుక్కు

2025 జనవరి, సంక్రాంతి సెలవులు. సాయంత్రం పడమట శుక్రుడూ శనీ పక్కపక్కన, నడినెత్తిన రోహిణి దగ్గర గురుడు, తూర్పున ఎర్రగా కుజుడు. పండగ వెళ్లిన నాలుగు రోజులకి, పొగ తగ్గాక, సీసా వేలాడదీసి 20 మి.మీ. ఐపీస్ పెట్టాను. బార్లో లెన్స్ డబ్బాలోంచి తియ్యనే లేదు.

నాన్న పదిన్నరకి వచ్చారు. పిలవాలంటే మొహమాటంగా ఉంది. పిలిచాను. నాన్న కూడా కొంచెం మొహమాటంగానే వచ్చారు. గురుడు అప్పటికి కాస్త పడమటికి వాలాడు. కుర్చీ వేసి, "తొందరేం లేదు నాన్నా, ఐదు నిమిషాలుంటుంది" అన్నాను.

కన్ను ఆనించారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. మళ్లీ "బాగుందమ్మా" అంటారేమోనని నా గుండె కొట్టుకుంటోంది.

"మజ్జిన గుండ్రంగా బిళ్లుంది. ఒక పక్క మూడు సుక్కలు, ఇంకో పక్క ఒకటి. ఒకే గీత మీదున్నాయి. ఏటవి?"

అవి గురుడి చందమామలు. 1610 జనవరిలో గెలీలియో చూసిన ఆ నాలుగే. అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. ఆయన చూసిన టెలిస్కోపు 20 రెట్లదే అని చెప్పాను. నాన్న తల ఊపి కిందకి వెళ్లిపోయారు. అనుకున్నంత గొప్పగా ఏం అనలేదే అని నాకు కొంచెం చిన్నబుచ్చినట్టైంది.

మర్నాడు రాత్రి నేను పిలవకుండానే నాన్న డాబా మీద ఉన్నారు. చూసి, వెంటనే తల ఎత్తి, "నిన్న ఇటు మూడు కదా? ఇయ్యాల రెండే ఉన్నాయి. నిన్నటిది రాసుకున్నావా?" అన్నారు.

రాసుకోలేదు.

"లాగ్ బుక్ రాయకుండా షిఫ్ట్ దిగిపోతే మాకాడ ఊరుకుంటారేటి? ఎన్నింటికి సూసేవు, ఏటుంది, ఎవరు సూసేరు. రాసి సంతకం పెట్టాల. లేపోతే తర్వాత వొచ్చినోడికి ఏటి తెలుస్తాది?"

నాకు వెంటనే నరసింగరావు గుర్తొచ్చారు. లైబ్రరీలో చదివి గోడపత్రికకి ఎక్కించిన విషయాన్నే నాన్న ముప్ఫై ఏళ్లుగా రోజూ చేస్తున్నారు.

ఆ రాత్రే నా పాత రెండు వందల పేజీల నోట్‌బుక్కులో ఖాళీ పేజీలు తీసి గళ్లు కొట్టారు నాన్న, స్కేలు పెట్టి మరీ. తారీఖు. టైము. చోటు. ఆకాశం ఎలా ఉంది. ఏ ఐపీస్. ఏం కనిపించింది. బొమ్మ. చూసినవారి సంతకం. మీరు కూడా ఇవే గళ్లు కొట్టుకోండి. బొమ్మకి కళ అక్కర్లేదు. మధ్యలో సున్నా, అటూ ఇటూ చుక్కలు, చాలు. ఫోన్లో ఫోటో తీస్తే సరిపోదా అంటారేమో. చేత్తో గీస్తే ఏ చుక్క ఎంత దూరంలో ఉందని కన్ను నిజంగా వెతుకుతుంది. మొదటి వారం నాకు మూడే కనిపించిన రాత్రుల్లో, నాలుగోది గురుడి అంచునే ఉందని నాన్న పట్టుకున్నారు.

గురుడు ఎందుకంటే, రాసుకున్నదానికి ఫలితం అక్కడ తొందరగా కనిపిస్తుంది. అయో 1.77 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతుంది. యూరోపాకి 3.55, గానిమీడ్‌కి 7.15, కాలిస్టోకి 16.69 రోజులు. పదిహేడు రాత్రులు రాసిన చుక్కల దూరాలని గ్రాఫ్ మీద పెడితే మనం ల్యాబులో చూసే సైన్ తరంగాలే వస్తాయి. తరంగం ఎత్తు కక్ష్య వ్యాసార్ధం, పొడవు కాలం. కాలం వర్గాన్ని వ్యాసార్ధం ఘనంతో భాగించి చూడండి. నాలుగింటికీ దాదాపు ఒకే అంకె వస్తుంది. అదే కెప్లర్ మూడో నియమం. ఆరు వేల ఐదు వందల టెలిస్కోపుతో, నీళ్ల సీసా సాయంతో, గాజువాక డాబా మీద. నా లెక్కలో కాలిస్టో కొంచెం తేడా కొట్టింది, మధ్యలో మూడు రాత్రులు మబ్బు. ఆ మూడు గళ్లలో నాన్న "మబ్బు – చూడలేదు" అని రాసి సంతకం పెట్టారు. ఖాళీగా వదిలెయ్యనివ్వలేదు.

ఇప్పుడు "ఏ టెలిస్కోపు కొనాలి" అని అడిగితే నా జవాబు ఇది. ముందు ఒక నోట్‌బుక్కు కొనండి. నెల రోజులు కంటితో చూసిందే అందులో రాయండి. ఆ నెలా రాయగలిగితే మీకు ఏ టెలిస్కోపైనా పనికొస్తుంది. రాయలేకపోతే ఎంత పెద్దది కొన్నా చివరికి బీరువా మీదకే.

మా నోట్‌బుక్కులో ఇప్పుడు అరవై పేజీలు నిండాయి. మొదటి పేజీలో నాన్న అక్షరాలతో ఇంకో వరస కూడా ఉంది, ఆ గళ్లు కొట్టిన రాత్రే గుర్తు చేసుకుని రాసింది: "సెప్టెంబరు 2023. రాత్రి. శని. 525 రెట్లు. ఏమీ కనపడలేదు." కింద సంతకం.